పంక్తికి లొంగని లెక్క

గుడ్లగూబ కనుమలో పొద్దు ఎప్పుడూ తొందరగానే వాలుతుంది. రెండు పక్కలా ఆకాశాన్ని మింగేంత ఎత్తున కారునల్లని కొండలు, ఆ కొండల మీద ఎర్రరాతి జీరలు, వాసన లేని తెల్లపూలు గుత్తులు గుత్తులుగా విరగబూసిన తీగలు. అక్కడ పిట్ట కూయదు, తుమ్మెద వాలదు. కనుమ చివర, కొండనే తొలిచి మలిచిన శిలావేతాళుడు భోజనానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని ఉంటాడు. అతని కళ్ళు నిలువెత్తు స్ఫటికాలు. అతని ముందు పరిచి ఉన్నది అరిటాకు కాదు, విస్తరి ఆకారంలో చెక్కిన నల్లరాతి ప్రాంగణం. ఆ విస్తరిలో ఆ సాయంత్రం వడ్డనకు సిద్ధంగా ఉన్నవాళ్ళు మణిసాగర రాజ్యపు ప్రజలు, వెయ్యిన్నొక్కరు.

వాళ్ళు అక్కడికి ఎలా వచ్చిపడ్డారంటే, అదొక పెద్దాయన పొరపాటు. గొప్పవాళ్ళ పొరపాట్లు కూడా గొప్పగానే ఉంటాయి కదా!

మణిసాగరంలో ఏది ఇచ్చినా, ఎవరిని పంపినా, మీద ఒకటి కలపడం ఆచారం. పది అరటిపళ్ళు అడిగితే పదకొండు ఇస్తారు. నూరుమందిని పిలిచిన విందుకు నూటొక్క ఆకులు వేస్తారు. అలాంటి రాజ్యం పక్కన కంకాళజటి అనే మాంత్రికుడు మకాం పెట్టాడు. చావులేని శరీరం కోసం వాడు పట్టినది సమపంక్తి వ్రతం. ఏటికొక్క అమావాస్యనాడు, పొద్దు వాలేలోగా, మనుషులను సమానమైన వరుసలుగా నిలబెట్టి వేతాళుడికి వడ్డించాలి. ఒక్కరు కూడా మిగలకూడదు. అందరినీ ఒకే వరుసగా పెడితే చెల్లదు, మనిషికొక వరుస పెట్టినా చెల్లదు. పంక్తి అన్నాక పంక్తిలా ఉండాలట, రాక్షసులకు కూడా మర్యాదలుంటాయి.

భద్రకేతు మహారాజు మొదట పదకొండుమంది భటులను పంపాడు. మాంత్రికుడు వాళ్ళను లెక్కపెట్టి, మొహం తిప్పుకుని గుహలోకి పోయాడు. తరువాత నూటొక్కరిని పంపాడు. వాళ్ళ జోలికీ రాలేదు. వాళ్ళు మీసాలు మెలేసుకుంటూ తిరిగివచ్చారు. రాజుగారికి ధీమా వచ్చింది. "మీద ఒకటి ఉన్నంతకాలం మనల్ని చీల్చేవాడు పుట్టలేదు!" అని సభలో తొడ చరిచాడు. ఈ ఏడు కనుమ అవతలి ఊటబావి జాతరకు పిల్లాపాపలతో వెయ్యిన్నొక్కరిని లెక్కకట్టి పంపాడు. అందులో నిండు చూలాలైన తన కూతురు కువలయ కూడా ఉంది. సుఖప్రసవం కోసం ఊటబావికి మొక్కుకుంది పాపం.

కంకాళజటి ఈసారి మొహం తిప్పుకోలేదు. కనుమలో చలువ పందిళ్ళు, ఘుమఘుమలాడే విందు ఉన్నట్టు కనికట్టు చేశాడు. జాతర జనం మురిసిపోయి ఆ ప్రాంగణపు గడప దాటారు. దాటగానే పందిళ్ళు మాయమయ్యాయి, కాళ్ళ కింద నల్లరాయి మిగిలింది. ఇక బయటికి దారి లేదు. పంక్తిలో కూర్చున్నవాడు పంక్తి లేచేదాకా లేవకూడదన్న కట్టుబాటు మనకు మర్యాదే కావచ్చు, అక్కడ అది ఇనుపగోడ.

కొండమీంచి చూసిన వేగులవాడు ఈ కబురు యువరాజు సింహకేతుడికి చేరవేశాడు. అప్పుడతను సరిహద్దులో వేటలో ఉన్నాడు. వెంట ఆరుగురు అంగరక్షకులు, పాలతమ్ముడు బయ్యన్న తప్ప ఎవరూ లేరు. చెల్లెలి పేరు వినగానే యువరాజు గుర్రానికి కళ్ళెం కూడా సరిగా పెట్టకుండా బయలుదేరాడు. వాగులు దాటి, ముళ్ళడొంకలు చీల్చుకుని, కొండచిలువ చుట్టుకున్న మలుపులో ఒక గుర్రాన్ని పోగొట్టుకుని, అమావాస్యనాటి మధ్యాహ్నానికి ఎనిమిదిమందీ కనుమ మొదట్లో ఒక బండ నీడకు చేరారు.

బయ్యన్న మాటకు ముందు మీసం దువ్వే రకం. పులిని చెవి పట్టుకుని ఆడించానని చెబుతాడు, పిల్లి ఎదురైతే దారి మార్చుకుంటాడు.

"దొరా, ఒక్క మాట చెప్పండి. ఆ జటలవాణ్ణి నేను ఈ చేత్తో..." అని మొదలుపెట్టాడు.

"నీ చెయ్యి కాసేపు నోటికి అడ్డం పెట్టుకోరా బయ్యన్నా," అన్నాడు సింహకేతుడు. ఇసుకలో చింతగింజలు పోసి, వరుసలు పేరుస్తూ, చెరిపేస్తూ ఉన్నాడతను. సేనలను వ్యూహాలుగా నిలబెట్టడం పసితనం నుంచీ నేర్చినవాడు. ఏ లెక్క వరుసకు ఒదుగుతుందో, ఏది ఒదగదో వేళ్ళకే తెలుసు. "నాన్నగారు ఎక్కడ తప్పారో తెలిసింది. పదకొండు చీలదు. నూటొకటీ చీలదు. ఆ రెండూ చూసి వెయ్యిన్నొకటీ అంతే అనుకున్నారు. ఇదిగో చూడు, ఏడు వరుసలు, వరుసకు నూటనలభైముగ్గురు. ఒక్కరు మిగలరు. పదకొండు వరుసలు వేసినా అంతే, పదమూడు వేసినా అంతే."

"అయ్యో! అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు గదా దొరా, రెండు మెతుకులు చూశారు ఆయన."

"అన్నానికి చాలురా. మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఉడికాయి కనుక. అంకెలు అలా కాదు. దేని గుణం దానిదే. పక్కదాన్ని చూసి దీన్ని నమ్మడానికి లేదు, ప్రతిదాన్నీ విడిగా పట్టి చూడాల్సిందే."

యువరాజు ఆ మాట అని ఇసుకలోని గింజలు పోగుచేశాడు. తండ్రి మీద కోపం రాలేదతనికి, జాలి వేసింది. అంత ప్రేమతో కలిపిన ఆ ఒక్కటే కొంప ముంచింది.

"లోపలివాళ్ళను బయటికి తేలేం. కానీ మనం లోపలికి పోవచ్చు," అన్నాడు చివరికి. "వెయ్యి దాటాక మొట్టమొదటి చీలని లెక్క వెయ్యిన్నితొమ్మిది. మనం ఎనిమిదిమందిమి. సరిగ్గా సరిపోయాం."

"చీలదని నమ్మకం ఏమిటి దొరా? వరుసలు ఎన్ని రకాలుగా వెయ్యొచ్చు! వాడు నలభై వేస్తాడు, యాభై వేస్తాడు, మూడొందలు వేస్తాడు..."

"ముప్పైఒకటి దాకా చూస్తే చాలు. ముప్పైరెండు వరుసలకు ముప్పైరెండుమంది చొప్పున వేస్తే మన లెక్క దాటిపోతుంది. కాబట్టి వరుసలు అంతకన్నా ఎక్కువైతే వరుసలో మనుషులు అంతకన్నా తక్కువవ్వాలి. పంక్తిని నిలువుగా చూసినా అడ్డంగా చూసినా పంక్తే కదా? పెద్ద లెక్కకు ఒదిగేదైతే దాని జంట చిన్న లెక్క దగ్గరే దొరికిపోయి ఉంటుంది. అందులోనూ అన్నీ చూడక్కర్లేదు. రెండుకు చీలనిది ఆరుకు చీలదు, పదికీ చీలదు. ఇలా వడకట్టుకుంటూ పోతే మిగిలేవి పిడికెడు. అన్నీ చూశాను. ఏ వరుస వేసినా ఎవరో ఒకరు మిగులుతారు."

"మరి పొరబాటున ఇంకొకరు కలిస్తే?"

"మళ్ళీ వెయ్యిన్నిపదమూడు దాకా రక్షణ లేదు. కానీ ఈ అడవిలో ఇంకెవరు కలుస్తారు? పద!"

ఇదిగో, ఇక్కడ ఆ తెలివైన యువరాజు ఒక్కటి మరిచాడు. ఏమిటంటే, ఇప్పుడే చెప్పను. ఆయనకే తట్టనిది మీకు ముందుగా చెప్పడం ధర్మం కాదు.

వ్రతానికి కింది పల్లెవాళ్ళు కావళ్ళతో నీళ్ళు మోసుకొచ్చి గడప పక్కనున్న రాతితొట్టిలో పోయడం ఆనవాయితీ. ఎనిమిదిమందీ తలకు ముతక పాగాలు చుట్టి, ఒంటికి బూడిద పూసి, కావళ్ళు భుజాన వేసుకుని వరుసగా నడిచారు. బయ్యన్న కావడి కిరకిరమంటోంది, వాడి పళ్ళు అంతకంటే గట్టిగా.

ప్రాంగణం చుట్టూ రెండు నిలువుల ఎత్తున రాతి అరుగు. దానిమీద కంకాళజటి నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి, కానీ జటలు మాత్రం పాదాలు దాటి, అరుగు అంచు దాటి, తాళ్ళలా కిందికి వేలాడుతున్నాయి. వాటిని తొక్కుకుని తూలాడు. వెంటనే కుంభుడు, దంభుడు అనే ఇద్దరు శిష్యులు పరుగున వచ్చి చెరొక పాదం పట్టుకున్నారు. గురువు నిలదొక్కుకున్నాడు. అయినా వాళ్ళు వదల్లేదు.

"చాల్రా!" అని అరిచాక వదిలారు. గురుపాదం పట్టినవాడు 'చాలు' అనిపించుకోకుండా విడిస్తే తల వెయ్యి ముక్కలవుతుందని వాళ్ళకు ఉపదేశం. యువరాజు అది ఓరగా చూసి నవ్వుకున్నాడు.

మొదటి కావడి తొట్టి దగ్గరికి వచ్చింది. కుంభుడు పైనుంచి చూసి, "ఏయ్, నీళ్ళు పొయ్యండి, చూస్తారేం?" అన్నాడు.

"పోస్తున్నాం స్వామీ!" అంటూ సింహకేతుడు కావడి విసిరికొట్టి గడప లోపలికి దూకాడు. అతని వెనక ఒకరి తరువాత ఒకరు ఆరుగురు అంగరక్షకులు. కుండలు భళ్ళున పగిలాయి. "మోసం! ఆపండి!" అని కంకాళజటి కేకపెట్టి ఒక మంత్రాగ్ని విసిరాడు. పంక్తిలో అడుగుపెట్టినవాడు వేతాళుడి సొత్తు, మంత్రం వాడికి అంటదు. ఆ మంట బయట మిగిలినవాడి వైపు తిరిగింది. బయట మిగిలింది బయ్యన్న.

గడప దగ్గర నిలబడి గడగడ వణుకుతున్నాడు. లోపల ఇప్పుడు వెయ్యిన్నెనిమిదిమంది. సింహకేతుడు గిరుక్కున గడప వైపు తిరిగాడు. ఎందుకంటే ఆ లెక్క రెండుకూ చీలుతుంది, మూడుకూ చీలుతుంది, ఏడుకూ చీలుతుంది, తొమ్మిదికీ చీలుతుంది. కాళ్ళ కింద రాయి అప్పుడే ఆబగా కదలడం మొదలైంది.

"ఒరే బయ్యన్నా! నువ్వు లేకపోతే ఇక్కడ ఎవరూ లేనట్టేరా!" అని అరిచాడు.

బయ్యన్నకు జన్మలో ఎవరూ ఆ మాట అనలేదు. వాడు కళ్ళు మూసుకుని, "అమ్మా! నేను పులిని ఆడించలేదే! అన్నీ అబద్ధాలే!" అని పొలికేక పెడుతూ లోపలికి దూకాడు. మంట వాడి పాగా చివర కాల్చి ఆరిపోయింది.

కదిలే రాయి ఆగింది. వెయ్యిన్నితొమ్మిది.

కువలయ జనంలోంచి అన్నను చూసింది. ఆమె పక్కన ముత్తెవ్వ అనే ముసలి మంత్రసాని కూర్చుని ఆమె నడుం రాస్తోంది. "అన్నా, నువ్వెందుకు వచ్చావు? నీకూ చావు కావాలా?" అని ఏడ్చింది. "చావడానికి కాదు అమ్మలూ, లెక్క సరిచెయ్యడానికి," అన్నాడతను.

అప్పుడు మొదలైంది ఆ వింత. పడమటి చీలికలోంచి ఎండ ఏటవాలుగా దూరి వేతాళుడి మోకాళ్ళ మీద పడింది. అది మోకాళ్ళను తాకాకే వడ్డన మొదలవ్వాలి, కళ్ళ దాకా పాకి ఆరిపోయేలోగా పూర్తవ్వాలి. కంకాళజటి ఎడమచెయ్యి గాలిలో తిప్పి "ఏడు!" అన్నాడు. ప్రాంగణం చదరాలు చదరాలుగా విడివడి జారింది. మనుషులు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఏడు వరుసలయ్యారు. వేతాళుడి దవడ కిర్రుమంది. కానీ కొత్తగా వచ్చిన ఎనిమిదిమందిలో ఏడుగురు తలా ఒక వరుసలో సర్దుకోగా యువరాజు ఒక్కడే మిగిలిపోయాడు. దవడ మూసుకుంది. నేల అందరినీ మళ్ళీ కలిపేసింది.

"పదకొండు!" ఎనిమిదిమంది మిగిలారు. "పదమూడు!" మళ్ళీ ఎనిమిదిమందే మిగిలారు. "పదిహేడు!" ఆరుగురు. "పంతొమ్మిది!" ఇద్దరు, ఒక బామ్మ, ఆమె చంకలో మనవడు. ఆ బామ్మ వేతాళుణ్ణి చూసి, "ఏం నాయనా, మేం పనికిరామా?" అంది. భయంలో కూడా జనం నవ్వారు.

ఎండ వేతాళుడి ఛాతీ దాకా పాకింది. ఇరవైమూడు వేశాడు, ఇరవైతొమ్మిది వేశాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు. మిగిలినవాళ్ళను చూసి తక్కినవాళ్ళు దండం పెట్టడం మొదలుపెట్టారు. నిజమే మరి. ఆ మిగిలిన కొందరి వల్లనే అందరూ బతుకుతున్నారు. పంక్తిలో చోటు దొరకనివాడంటే లోకానికి చిన్నచూపు. ఆ సాయంత్రం మాత్రం వాడే దేవుడు.

"ముప్పైఒకటి!" మాంత్రికుడి గొంతు బొంగురుపోయింది. పదిహేడుమంది మిగిలారు.

"ఇక ఎన్ని వేసినా అంతే స్వామీ! మీకూ తెలుసు!" అన్నాడు సింహకేతుడు.

వాడికీ తెలుసు. నుదుటి చెమట తుడుచుకుని శిష్యుల వైపు తిరిగాడు. "ఒరే కుంభా, నువ్వు దిగు. ఒకడు కలిస్తే లెక్క విరుగుతుంది."

"గురుదేవా! దిగితే నన్నూ మింగుతాడు గదా!" అంటూ కుంభుడు దబ్బున పడి గురువు కుడిపాదం కరుచుకున్నాడు. తరువాత వంతు తనదేనని దంభుడికి అర్థమై ఎడమపాదం కరుచుకున్నాడు. "కాళ్ళు వదలండ్రా చవటల్లారా!" అన్నాడు గురువు. 'చాలు' అనలేదు కనుక వాళ్ళు వదల్లేదు.

సరిగ్గా అప్పుడు, ఆ రాతి ప్రాంగణంలో, "కేర్"మని ఏడుపు వినిపించింది.

జనం రెండుగా విడిపోయారు. ముత్తెవ్వ చేతిలో నెత్తుటి తడితో ఒక పసికందు, ఆమె కొంగు కింద సొమ్మసిల్లిన కువలయ. ముసల్ది యువరాజు మొహంలోకి చూసింది.

"ఏమయ్యా రాజకొడకా! ఇంత లెక్క నేర్చావు, చెల్లెలికి నెలలు లెక్కపెట్టడం నేర్వలేదా?"

సింహకేతుడి మొహం పాలిపోయింది. వెయ్యిన్నిపది. పది వరుసలు, వరుసకు నూటొక్కరు. తండ్రికి ప్రాణమైన నూటొకటే వచ్చి కూర్చుంది!

కంకాళజటి విరగబడి నవ్వాడు. "మేనల్లుడొచ్చాడయ్యా యువరాజా! నీ చేతకాదని తెలిసే ఒక ఉపాయం చెబుతాను. ఆ పసిగుడ్డు గొంతు నులిమెయ్యి. ఒక్క ప్రాణం, అదీ ఇంకా పేరు లేనిది. మళ్ళీ మీ లెక్క చీలదు. వెయ్యిమంది బతుకుతారు."

 కువలయ కళ్ళు తెరిచి అన్న వైపు చూసింది. ఆ చూపు సింహకేతుడు జన్మలో మరిచిపోలేదు. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే బిడ్డ తల నిమిరాడు.

"పుట్టినవాడు పుట్టినట్టే లెక్క," అన్నాడు. "పొట్టివాడని సగం వెయ్యం, పేరు లేదని తీసెయ్యం. వీడితో కలిపే మేం."

"మేమూ అంతే!" అంది పంతొమ్మిదిలో మిగిలిన బామ్మ. ఆ మాట వరుస వరుసకూ పాకింది.

"అయితే చావండి!" అని మాంత్రికుడు చెయ్యెత్తి, చటుక్కున ఆగాడు. ఎండ వేతాళుడి పెదవుల మీదికి వచ్చేసింది. ఇంకొక్కసారి నేలను కదిపే వ్యవధే ఉంది. ఒక్క బిడ్డయితే పది వరుసలు. కవలలైతే పది పనికిరాదు, మూడు వెయ్యాలి. తప్పు వేశాడా, ఏడాది వ్రతం మట్టిపాలు. "ఏయ్ ముసలీ! ఒక్కడేనా? లోపల ఇంకొకరున్నారా?"

ముత్తెవ్వ నోరు తెరవబోయింది. సింహకేతుడు ఆమె భుజం నొక్కి, అరుగు కిందికి నడిచి, వేలాడే జటల దగ్గర నిలబడ్డాడు. ముసల్దానికి చెప్పాలా!

"పురుడు చూడాలంటే వంగి చూసుకోవయ్యా! అరిచి అడుగుతారా ఎక్కడైనా?" అంది, బిడ్డను కొంగులో దాచి.

కంకాళజటి అరుగు అంచున వంగాడు. ఇంకా వంగాడు. "ఒక్కడే! పది!" అని చెయ్యి తిప్పాడు. నేల జారింది. పది వరుసలు తీరుగా నిలిచాయి. వేతాళుడి దవడ కిర్రుకిర్రుమంటూ తెరుచుకుంది, లోపలినుంచి వేడిగాలి కొట్టింది. అదే క్షణంలో సింహకేతుడు రెండు జటలు చేతికి చుట్టుకుని బలంకొద్దీ లాగాడు.

"వదలకండ్రా!" అని అరిచాడు మాంత్రికుడు.

వదలకండి అంటే ఎలా వదులుతారు! కుంభుడు కుడికాలు, దంభుడు ఎడమకాలు పట్టుకుని వేలాడారు. యువరాజు జారిపోతుంటే బయ్యన్న అతని నడుం పట్టాడు, వాడి నడుం ఒక అంగరక్షకుడు పట్టాడు. గురువు అరుగు దాటాడు. కుంభుడి చెయ్యి చెమటకు జారింది.  ఇద్దరే పడితే వెయ్యిన్నిపన్నెండు, సరిసంఖ్య, అందరి పనీ సరి! "గురుదేవా!" అని కుంభుడు భోరుమని పళ్ళతో గురువు కౌపీనం అంచు పట్టుకున్నాడు. ముగ్గురూ మూటలా దొర్లి విస్తరి నడుమ పడ్డారు.

పది వరుసల్లో ముగ్గురు ఎక్కువయ్యారు. నేల ఒక్కసారి వెక్కి వరుసలన్నీ కలిసిపోయాయి. ఎండ స్ఫటికాల కళ్ళ మీద తళుక్కుమని ఆరిపోయింది. వడ్డన గడువు దాటింది, వేతాళుడి దవడ సగంలో బిగుసుకుంది. ఆ పళ్ళ వెనక, గొంతులోకి, ఎవరో దీపాలు పెట్టిన మెట్లు దిగుతూ కనిపించాయి. అడుగున ఎక్కడో ఎవరో తలుపు గడియ తీస్తున్న చప్పుడు. అది బయటికి దారో, మరో నోరో ఎవరికీ తెలియదు.

కంకాళజటి లేచి గడప వైపు పరుగెత్తాడు. కనపడని గోడలా బిగిసిన గాలికి కొట్టుకుని వెల్లకిలా పడ్డాడు. మంత్రం చదివాడు, పెదవులు కదిలాయి తప్ప నిప్పు పుట్టలేదు. మళ్ళీ పరుగెత్తబోతుంటే సింహకేతుడు మేనల్లుణ్ణి ఎత్తుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వెయ్యిన్నిపదమూడు స్వామీ, చీలని లెక్క, అందులో మీరొకరు," అన్నాడు నెమ్మదిగా. "కూర్చోండి. పంక్తి మధ్యలో లేవకూడదు."